భయం దోషమా? ‘డిఫెండింగ్ యువర్ లైఫ్’ చిత్రంలో పరలోక విచారణ: ఒక పరిశీలన

మరణించిన జీవుణ్ణి దేనినిబట్టి విచారించాలి అన్న ప్రశ్నకు పురాణ వాఙ్మయం చెప్పే సమాధానం సుపరిచితమే. జీవుడు చేసిన కర్మనుబట్టి విచారించాలి. చిత్రగుప్తుని చిట్టాలో ఉండేది పుణ్యపాపాల పద్దు. గరుడపురాణం వర్ణించే యాతనలన్నీ ఆ పద్దులోని పాపాలకు విధించిన శిక్షలే. ఇంట్లో మరణం సంభవించినప్పుడు ఆ పురాణాన్ని చదివించే ఆచారంలో ఒక బోధనోద్దేశం కూడా ఉంది. వినేవారికి భయం కలగాలి, ఆ భయం వల్ల వారు ధర్మమార్గాన నిలవాలి. అంటే ఈ వ్యవస్థలో భయం ధర్మానికి కావలిదారు. అమెరికన్ నటుడు, రచయిత, దర్శకుడు ఆల్బర్ట్ బ్రూక్స్ 1991లో రూపొందించిన ‘డిఫెండింగ్ యువర్ లైఫ్’ అనే ప్రణయ హాస్య చిత్రం ఈ సంబంధాన్ని తలకిందులు చేస్తుంది. ఆ చిత్రంలోని పరలోకంలో నరకం లేదు, పాపాల జాబితా లేదు. అక్కడి న్యాయస్థానం విచారించేది ఒక్కటే: ఈ జీవుడు తన భయాన్ని జయించాడా, లేదా? జయించినవాడు పై లోకాలకు వెళతాడు. జయించనివాడు మళ్లీ భూమికి వస్తాడు.

నవ్వు కోసం అల్లిన కల్పనగా దీన్ని దాటిపోవచ్చు. అయితే దాని అడుగున ఒక నైతిక ప్రతిపాదన ఉంది. మనిషి చేసిన చెడుకు కాక, భయంవల్ల చేయలేకపోయిన దానికి అతణ్ణి బాధ్యుణ్ణి చేయవచ్చునన్నది ఆ ప్రతిపాదన. అది ఎంతవరకు నిలుస్తుందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథ క్లుప్తంగా ఇది. డేనియల్ మిల్లర్ లాస్ ఏంజలిస్‌లో వాణిజ్య ప్రకటనల రంగంలో పనిచేసే ఉద్యోగి. భార్యతో విడిపోయి ఒంటరిగా ఉంటున్నాడు. పుట్టినరోజున కొత్త బి.ఎం.డబ్ల్యు. కారు కొనుక్కొని, దానిలో పాటలు వింటూ పోతూ, కిందపడిన సీడీల కోసం వంగి బస్సును ఢీకొని మరణిస్తాడు. కళ్లు తెరిచేసరికి ‘జడ్జిమెంట్ సిటీ’ అనే నగరంలో ఉంటాడు. అది దక్షిణ కాలిఫోర్నియా నగరాలను పోలిన ఊరు. హోటళ్లు, ట్రాములు, ఎంత తిన్నా ఒళ్లు పెరగని భోజనం ఉంటాయి. చనిపోయినవారికి ధరించడానికి తెల్లని అంగీలు ఇస్తారు. డేనియల్ తరఫున వాదించడానికి బాబ్ డైమండ్ అనే న్యాయవాదిని, అతనికి వ్యతిరేకంగా వాదించడానికి లీనా ఫాస్టర్‌ను నియమిస్తారు. ఇద్దరు న్యాయమూర్తుల ఎదుట అతని జీవితంలోని తొమ్మిది రోజులను తెరమీద వేసి చూపిస్తారు. ఈ విచారణ సాగుతుండగానే జూలియా (మెరిల్ స్ట్రీప్) అనే స్త్రీ పరిచయమవుతుంది. ఆమె విషయంలో పరిశీలించేవి నాలుగే రోజులు. ఆమె బస చేసిన హోటల్ కూడా అతని హోటల్ కంటే మేలైనది. ఈ చిన్న తేడాలతోనే దర్శకుడు ఆ లోకపు అంతస్తులన్నీ చెప్పేశాడు. మనిషి మెదడులో కొద్ది శాతమే వాడుతున్నాడని, భయం తగ్గేకొద్దీ ఆ శాతం పెరుగుతుందని అక్కడి అధికారులు వివరిస్తారు. మెదడులో అధికభాగం నిరుపయోగంగా ఉందన్నది శాస్త్రాధారం లేని జనవాదం. కథకు దానితో అవసరం లేదు కూడా. చిత్రంలో బలహీనమైన అంశం ఏదంటే అదే.

బలమైన అంశం సాక్ష్యాల పరిశీలన. బాల్యంలో బడిలో ఒక బలశాలి పిల్లవాడు డేనియల్‌ను అవమానిస్తాడు, డేనియల్ తిరగబడడు. లీనా ఫాస్టర్ దృష్టిలో అది పిరికితనం. డైమండ్ దానికి బదులుగా మరొక దృశ్యం చూపిస్తాడు. అందులో తల్లిదండ్రులు ఘర్షణ పడుతుంటే పసివాడు తొట్టెలో నుంచి చూస్తున్నాడు. హింస ఎలా ఉంటుందో ఆనాడే చూసినవాడు కనుకనే తరువాత చేయి ఎత్తలేదని, అది సంయమనమని డైమండ్ వాదిస్తాడు. రెండు వాదాలకూ ఆధారం ఒకే చర్య, నిజానికి ఒకే చర్యారాహిత్యం. చిత్రగుప్తుని చిట్టాకు ఈ ఇబ్బంది లేదు. దొంగతనం చేశాడా లేదా అని అది రాస్తుంది. కొట్టకుండా ఊరుకోవడాన్ని క్షమ కింద జమ చేయాలా, పిరికితనం కింద ఖర్చు రాయాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు చిట్టా చాలదు, అంతఃకరణంలోకి దిగాలి. అయితే తెరమీద కనిపించేది బాహ్యచేష్ట మాత్రమే. జడ్జిమెంట్ సిటీ న్యాయస్థానం దగ్గర జీవితమంతా దృశ్యరూపంలో ఉన్నా, అది తేల్చవలసిన విషయం మాత్రం ఏ దృశ్యంలోనూ కనిపించదు.

ఇంతకంటే సందేహరహితమైన సాక్ష్యం జీతం గురించిన సన్నివేశం. ఉద్యోగంలో చేరేముందు డేనియల్ ఇంట్లో భార్యను యజమాని స్థానంలో కూర్చోబెట్టి బేరం అభ్యాసం చేస్తాడు. 65 వేల డాలర్లకు ఒక్క డాలరు తగ్గినా ఒప్పుకోనని ఆమె ముందు దృఢంగా నిలబడతాడు. మరుక్షణంలో అసలు యజమాని 49 వేలు అనగానే సరే అంటాడు. ప్రేక్షకులు పగలబడి నవ్వే ఈ ఘట్టంలో భయం స్వభావం చక్కగా బయటపడుతుంది. డేనియల్‌కు ఏం కోరాలో తెలుసు, తన విలువ తెలుసు, చెప్పవలసిన మాటలు కంఠస్థంగా ఉన్నాయి. జ్ఞానలోపం లేదు. జ్ఞానానికీ నోటికీ మధ్య ఏదో అడ్డుపడింది. భయం మెదడును కమ్మే పొగమంచు వంటిదని డైమండ్ చిత్రంలో ఒకచోట చెప్పే పోలిక ఈ సన్నివేశానికి చక్కగా సరిపోతుంది.

అయినా, ఇందులో ఎవరికి అపకారం జరిగింది? డేనియల్‌కే. తనకు తాను నష్టం చేసుకోవడం నైతిక దోషమెలా అవుతుంది? ఈ ప్రశ్నకు అరిస్టాటిల్ ‘నికోమాకియన్ నీతిశాస్త్రం’ కొంత దారి చూపుతుంది. ధైర్యమంటే భయం లేకపోవడం కాదని, పిరికితనానికీ దుస్సాహసానికీ మధ్య ఉన్న సమస్థితి అని అతని నిర్వచనం. కొన్నింటికి భయపడడం మంచిదేనని కూడా అతడు చెబుతాడు. అపకీర్తికి భయపడనివాడు సిగ్గులేనివాడు. ధైర్యానికి విలువనిచ్చేది దాని లక్ష్యం. ఈ కొలతతో చూస్తే జడ్జిమెంట్ సిటీ న్యాయసూత్రంలో ఒక లోటు కనిపిస్తుంది. అది నిర్భయతను లక్ష్యంతో నిమిత్తం లేకుండా కొలుస్తుంది. స్నేహితుడు చెప్పినప్పుడు కేసియో గడియారాల కంపెనీలో పెట్టుబడి పెట్టకపోవడం కూడా డేనియల్ మీద మోపిన అభియోగాల్లో ఒకటి. ఆ కంపెనీ తరువాత ఎంతగానో వృద్ధి చెందింది కనుక అది పిరికితనమైంది. దివాలా తీసి ఉంటే అదే నిర్ణయం వివేకమయ్యేది. ఫలితాన్నిబట్టి ధైర్యాన్ని నిర్ణయించే న్యాయస్థానం నీతిని కాదు, అదృష్టాన్ని విచారిస్తోంది. దర్శకుడు దీన్ని ఎరిగే ఆ సన్నివేశాన్ని పెట్టాడో లేదో చెప్పలేం. విజయాన్ని ధైర్యానికి రుజువుగా భావించే ఒక సమాజపు ఆలోచన మాత్రం అక్కడ దాచకుండా బయటపడింది.

భయాన్ని ఆధారం చేసుకొని శృంగార హాస్యాలను నడపడం అలంకారశాస్త్రరీత్యా విచిత్రమైన ప్రయత్నమే. రసవిరోధాన్ని చర్చించిన ఆలంకారికులు భయానకాన్ని శృంగారానికీ హాస్యానికీ విరోధిగా లెక్కించారు. ఈ చిత్రంలో ఆ విరోధం ఎందుకు బాధించదు? భయం ఇక్కడ పాత్రలో ఉంది, ప్రేక్షకునిలో లేదు. సహృదయుని హృదయంలో భయం స్థాయిగా పరిణమిస్తేనే భయానకం. పాత్ర భయపడుతుంటే చూసేవాడు నిర్భయంగా ఉన్నప్పుడు ఆ భయమే హాస్యానికి విభావమవుతుంది. సంస్కృత ప్రహసనాల నుంచి తెలుగు నాటకాల దాకా పిరికిపాత్ర నవ్వించే తీరు ఇదే. నాట్యశాస్త్రం భయాన్ని ప్రధానంగా స్త్రీలకూ నీచప్రకృతులకూ చెందిన భావంగా పేర్కొన్న సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఉత్తమ నాయకునికి భయం తగదన్నది ఆ వ్యవస్థ నియమం. భయం ఎవరికి ‘సహజం’ అన్నది సాంఘికస్థాయినిబట్టి పంచిపెట్టబడింది. ఈ పంపకం సంగతి మరికొంత సేపటి తరువాత చూడవలసి ఉంది.

పరలోక హాస్యం తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. బెంగాలీ చిత్రం ‘జమాలయే జీబంత మానుష్’ ఆధారంగా 1960లో వచ్చిన ‘దేవాంతకుడు’ మొదలుకొని ‘యమగోల’ (1977), ‘యముడికి మొగుడు’ (1988), ‘యమలీల’ (1994) దాకా ఒక పరంపరే ఉంది. ఈ చిత్రాల్లో నాయకుడు యమలోకానికి వెళ్లినా, యముడే భూలోకానికి దిగివచ్చినా తికమకపడేది యముడే. లెక్క తప్పేది యమలోకపు యంత్రాంగం, చిట్టా పోగొట్టుకునేది చిత్రగుప్తుడు. నాయకునికి భయమన్నది తెలియదు. యమగోల నాయకుడు యమకింకరులను కూడగట్టి సమ్మె చేయిస్తాడు. ఈ చిత్రాలు అడిగే ప్రశ్న ‘విచారించే అధికారం నీకెక్కడిది?’ అన్నది. బ్రూక్స్ చిత్రంలో న్యాయస్థానాన్ని ఎవరూ ప్రశ్నించరు. తప్పంతా మనిషిదే, ఆ తప్పుకు మూలమూ అతని లోపలే. ఒకచోట అధికారం మీద హాస్యం, మరొకచోట ఆత్మవిశ్వాసలేమి మీద హాస్యం. తెలుగు చిత్రాల్లోని యముడు భయపడడానికి శ్రుతిలోనే ఒక ఆధారం ఉందని చమత్కారంగా అనవచ్చు. బ్రహ్మానికి భయపడి గాలి వీస్తోందని, సూర్యుడు ఉదయిస్తున్నాడని, మృత్యువు పరుగులు తీస్తోందని తైత్తిరీయోపనిషత్తు చెబుతుంది. లోకాలను భయపెట్టే మృత్యువుకూ భయం తప్పలేదు.

సావిత్రి, నచికేతుడు ఈ రెండు ధోరణులకూ భిన్నంగా నిలుస్తారు. తండ్రి మాటను పట్టుకొని యముని వాకిట మూడు రాత్రులు నిరాహారంగా వేచి ఉన్న బాలుడు నచికేతుడు. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషంలో భర్త ప్రాణాలను తీసుకుపోతున్న యముని వెంట నడిచిన స్త్రీ సావిత్రి. వీరిద్దరూ యముణ్ణి పరిహసించరు, ఎదిరించరు. అతనితో సంభాషిస్తారు. వీరి నిర్భయతకు లక్ష్యం ఉంది. ఒకరికి జ్ఞానం, మరొకరికి భర్త ప్రాణం. అరిస్టాటిల్ కోరిన షరతు వీరిలో నెరవేరింది. భగవద్గీత పదహారవ అధ్యాయంలో దైవీసంపదను లెక్కించేటప్పుడు మొట్టమొదట చెప్పింది అభయాన్నే. అయితే దాని వెంటనే సత్త్వశుద్ధి, దానం, దమం, అహింస మొదలైనవి వరుసగా వస్తాయి. అభయం ఆ గుణసముదాయంలో ఒకటి, ఒంటరిగా నిలిచే గుణం కాదు. దాన్ని మిగిలినవాటి నుంచి విడదీస్తే మిగిలేది కేసియో వాటాలు కొన్నవాని ధైర్యమే.

బ్రూక్స్ చిత్రం అక్కడే ఆగి ఉంటే ఆత్మవిశ్వాసాన్ని పెంచే పుస్తకాల స్థాయి దాటేది కాదు. దానిని ఆ స్థాయి నుంచి పైకి ఎత్తింది ప్రేమకథ. జూలియా అగ్నిప్రమాదంలో పిల్లలను కాపాడి, మళ్లీ మంటల్లోకి వెళ్లి పిల్లిని కూడా తెచ్చిన స్త్రీ. ఆమె విచారణలో న్యాయమూర్తులే ముగ్ధులవుతారు. ఆమె డేనియల్‌ను ప్రేమిస్తుంది. ఒక రాత్రి తన గదికి రమ్మని పిలుస్తుంది. అతడు వెళ్లడు. ఆమె అంటే ఇష్టం లేక కాదు. ఇప్పుడున్న ఆనందం ఎక్కడ చెదిరిపోతుందోనన్న బెదురు. మరునాడు లీనా ఫాస్టర్ ఆ రాత్రిని తెరమీద చూపించి, చనిపోయిన తరువాత కూడా ఇతని భయం పోలేదని నిరూపిస్తుంది. తీర్పు డేనియల్‌కు వ్యతిరేకంగా వస్తుంది.

ఈ ఘట్టానికి బృహదారణ్యకంలోని ఒక సృష్టికథ అద్భుతమైన వ్యాఖ్యానంలా కుదురుతుంది. ఆదిలో ఆత్మ ఒక్కడే ఉన్నాడు, చుట్టూ చూసుకొని భయపడ్డాడు. తనకంటే వేరు లేనప్పుడు దేనికి భయమని ఆలోచించాడు, భయం తొలగింది. రెండవది ఉన్నప్పుడే భయం పుడుతుందని ఉపనిషత్తు అక్కడ నిర్ధారిస్తుంది. అద్వైత వ్యాఖ్యాతలకు ఇష్టమైన ఈ వాక్యాన్ని సాధారణంగా అక్కడితో ఆపి ఉదాహరిస్తారు. కానీ కథ ఆగదు. ఆ వెంటనే, అతనికి సంతోషం కలగలేదని, ఒంటరిగా ఉన్నవానికి సంతోషం ఉండదని, అతడు రెండవదాన్ని కోరాడని, స్త్రీపురుషులుగా రెండైనాడని ఉంది. ఏ రెండవది భయానికి మూలమో ఆ రెండవదే సంతోషానికీ మూలం. పక్కపక్కనే ఉన్న ఈ రెండు మాటలను కలిపి చదివితే నిర్భయతకు రెండు మార్గాలు కనిపిస్తాయి. రెండవది లేదని తెలుసుకోవడం ఒకటి. అది జ్ఞానమార్గం. రెండవది ఉందని, అది తనను నొప్పించగలదని తెలిసీ దాన్ని కోరడం మరొకటి. ప్రణయానికి సంబంధించినంతవరకు మొదటి మార్గం పనికిరాదు. డేనియల్ ఆ రాత్రి తన గదిలోనే ఉండిపోయి కోరుకున్నది ఒకరకమైన ఏకాకి అభయం. అక్కడ భయం లేదు, సంతోషమూ లేదు.

అయితే ఆ రాత్రిని సాక్ష్యంగా వాడిన న్యాయస్థానం తీరు ఆక్షేపణీయం. అడుగడుగూ గమనిస్తున్నామని, తప్పితే వెనక్కి పంపుతామని చెప్పి, ఆ స్థితిలో భయపడ్డాడని శిక్షించడం న్యాయమా? భయాన్ని పుట్టించిన వ్యవస్థే భయాన్ని నేరంగా పరిగణిస్తోంది. గరుడపురాణం ఇంతకంటే నిజాయితీగల గ్రంథం. అది భయపెడుతుంది, భయపడమనే చెబుతుంది.

ఇక్కడే పైన చెప్పిన పంపకం సంగతి వస్తుంది. డేనియల్‌కు భయపడడానికి బయట కారణాలు లేవు. అతడు మంచి జీతగాడు, పట్టణవాసి, ఎవరి దయమీదా బతకనవసరం లేనివాడు. అతనికి 49 వేలు చాలవు తప్ప పస్తులుండవలసిన పని లేదు. అందుకే అతని భయాన్ని పొగమంచుగా చిత్రించడం సాధ్యమైంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ నవలలోని సుబ్బయ్యను ఈ న్యాయస్థానంలో నిలబెడితే ఏమవుతుంది? సుబ్బయ్య కూడా భయస్థుడే. ఇంట్లో భయం, కచేరీలో భయం, అప్పు ఇచ్చిన గవరయ్య అంటే మరీ భయం. చైతన్యస్రవంతి పద్ధతిలో రావిశాస్త్రి ఆ భయాన్ని లోపలి నుంచి చూపించాడు. పాఠకుడు ఆ భయాన్ని చూసి నవ్వుతాడు, కానీ నవ్వు పూర్తికాకముందే అది ఆగిపోతుంది. ఎందుకంటే సుబ్బయ్య భయంలో పొగమంచు ఎంత ఉందో, లోకజ్ఞానమూ అంతే ఉంది. డబ్బూ బలమూ గలవాడు చిన్న ఉద్యోగిని ఏం చేయగలడో అతనికి తెలుసు. అల్పజీవి అన్న పేరులోనే లోకం ఆ మనిషికి కట్టిన వెల ఉంది. ‘ఆరు సారా కథలు’లో కోర్టు మెట్లెక్కే పేదలకు చట్టం ఎలా కనిపిస్తుందో అదే రచయిత చూపించాడు. ఆ మనుషుల భయం బుద్ధిమాంద్యం కాదు, అనుభవసారం. కౌలుదారు భూస్వామికి, పనిమనిషి యజమానురాలికి, ఊరిచివరి వాడవాసి ఊరిపెద్దకు భయపడినప్పుడు విచారించవలసింది భయపడినవారినా, భయపెట్టినవారినా? ఆ ప్రశ్నను అడగకుండా భయాన్ని దోషమంటే, బాధితుణ్ణి రెండోసారి శిక్షించినట్లే. జడ్జిమెంట్ సిటీలో భయపెట్టినవాడికి విచారణ లేదు. బడిలో డేనియల్‌ను అవమానించిన పిల్లవానికి ఆ న్యాయసూత్రం ప్రకారం నిర్భయుడన్న యోగ్యతాపత్రమే దొరుకుతుందేమో.

భయాన్ని దోషమనడం చెల్లనంత మాత్రాన దాన్ని గుణంగా సమర్థించనక్కరలేదు. సుబ్బయ్య భయానికి కారణాలున్నా, ఆ భయం అతని జీవితాన్ని కుంచింపజేసిన మాట నిజం. భయాన్ని నేరంగా కాక, నష్టంగా చూసే భాష కావాలి. నేరానికి శిక్ష ఉంటుంది. నష్టానికి ఉండవలసింది పూరణ. చిత్రంలో పునర్జన్మను శిక్షగా కాక మరొక అవకాశంగా చెప్పినప్పుడు బ్రూక్స్ ఈ భాషకు కొంత దగ్గరగా వచ్చాడు. కానీ పూర్వజన్మలను చూపించే మందిరంలో జూలియా తనను వీరునిగా చూసుకుంటే, డేనియల్ సింహానికి భయపడి పారిపోతున్న మనిషిగా చూసుకుంటాడు. సింహం తరుముతుంటే పరుగెత్తడం కూడా అతని ఖాతాలో పిరికితనంగానే జమ అయిందంటే ఆ భాష ఎంత తొందరగా నేరభాషలోకి జారిపోతుందో తెలుస్తుంది.

చివరి ఘట్టం ఈ చర్చకు చిత్రం తరఫున ఉన్న అత్యుత్తమ వాదం. భూమికి తిరిగిపోయే ట్రాములో కూర్చున్న డేనియల్‌కు, పై లోకానికి పోయే మరొక ట్రాములో జూలియా కనిపిస్తుంది. అతడు కట్లు తెంచుకొని, కదులుతున్న వాహనాల మధ్య పరుగెత్తి, విద్యుదాఘాతం తగులుతున్నా ఆమె ట్రామును పట్టుకొని వేలాడతాడు. తీర్పు అప్పటికే వచ్చేసింది. ఆ పరుగువల్ల తనకు దక్కేదేమీ ఉన్నట్లు అతనికి తెలియదు. న్యాయమూర్తులు దూరం నుంచి చూస్తున్నట్లు కూడా తెలియదు. ఆవేశం నుంచి పుట్టిన ధైర్యం ధైర్యాభాస మాత్రమేనని, దానికి సంకల్పమూ లక్ష్యమూ తోడైనప్పుడే అది నిజమైన ధైర్యమవుతుందని అరిస్టాటిల్ అన్నాడు. డేనియల్ పరుగులో ఆవేశం స్పష్టం, లక్ష్యమూ స్పష్టం. చిత్రమంతటిలో అతని ధైర్యానికి ఒక గమ్యం ఏర్పడింది ఇక్కడే. జీతం కోసమో, వాటాల కోసమో కాక ఒక మనిషి కోసం, ఆ రెండవది కోసం అతడు పరుగెత్తాడు. డైమండ్ ఈ దృశ్యాన్ని ప్రతిపక్ష న్యాయవాదికి చూపించి ఇంకా చాలదా అన్నట్లు అడుగుతాడు. న్యాయమూర్తులు తమ తీర్పును తాము దాటి ట్రాము తలుపు తెరిపిస్తారు. విచారణలో చూపించిన తొమ్మిది రోజుల్లో ఏ ఒక్కదాని వ్యాఖ్యానమూ ఆ క్షణంలో మారలేదు.